వెనక గది

పనిచోట పిల్లలు కనపడకూడదన్న కాగితాన్ని ప్రభు సోమవారం పొద్దున తెచ్చాడు. మార్కు మేస్త్రీ అప్పటికే ముందు గదిలో కర్రల మంచె ఎక్కి, కిటికీ పైభాగానికి సిమెంటు మాలు కొడుతున్నాడు. తాపీ ఆపకుండానే, "వందనాలు తమ్ముడూ. చదువు, వింటున్నా" అన్నాడు.

ప్రభు చదవలేదు. కాగితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని చేత్తో బయటికి చూపించాడు. బయట ఇసుక కుప్ప పక్కన, ఆ రోజు పని లేని కాంక్రీటు మిషను చక్రానికి పాత చీర ముక్కతో కట్టేసిన రెండేళ్ళ పిల్ల, తడి ఇసుకను పిడికిళ్ళతో ఎత్తి ఖాళీ సిమెంటు సంచిలో పోస్తోంది.

"ఆ పిల్ల ఫోటో పోయిన నెల రిపోర్టుల పోయింది అన్నా. వెనకాల ఎక్కడ్నో పడ్డది, నేను చూసుకోలే. అక్కడ డెన్మార్కుల ఎవరో చూసి, మన పైసలతోని పసిపిల్లలతో పని చేయిస్తున్నరా అని అడిగిండ్రంట. ఇగ ఇయ్యాల్టి నుంచి గేటు లోపల ఒక్క పిల్ల కనపడొద్దు."

"ఆ పిల్ల పని చేస్తలేదు గదా. ఆడుకుంటంది."

"నాకు తెలుసు, నీకు తెలుసు. ఫోటోకు తెల్వదు." ప్రభు చెప్పులతో నేల మీది మాలు పెళ్ళను గీకాడు. "వచ్చే వారం బుధవారం వాళ్ళే వస్తున్నరు. ముగ్గురు. ఆలోపల ముందు రెండు గదులు, వరండా, పేరు రాయి పెట్టే గోడ అయిపోవాలె. వెనక గది తర్వాత చూసుకోవచ్చు. ఆ పిల్ల తల్లి సోనికి నువ్వే చెప్పు. నేను చెప్తే బాగుండదు."

అశ్వారావుపేట దాటి అడవిలోకి పోయే దారి మీద, ఒర్రెగడ్డ తండాకు అర కిలోమీటరు అవతల ఆ భవనం లేస్తోంది. ముందు రెండు గదులు దవాఖానాకు. వారానికి మూడు రోజులు నర్సు వస్తుంది, నెలకు రెండుసార్లు డాక్టరు. వెనక పెద్ద గది, కూలికి పోయే తల్లుల పిల్లల్ని పగలంతా ఉంచుకోవడానికి. డెన్మార్కులో మూడు చర్చీల వాళ్ళు కలిసి పెట్టిన ట్రస్టు డబ్బు పంపుతోంది. ఆ ట్రస్టు తరఫున ఇక్కడ పని చూసేవాడు ప్రభు. పని పట్టినవాడు కల్లూరు మేస్త్రీ మార్కు.

మార్కు మంచె దిగాడు. సోని మాలు కలుపుతోంది. పార ఆపి, నుదురు మోచేత్తో తుడుచుకుంది.

"పిల్లను ఇక తీసుకురావద్దంట. పై నుంచి రూలు వచ్చింది."

సోని పిల్ల వైపు చూసింది, ప్రభు మోటారు సైకిలు వైపు చూసింది. "రేపటి నుంచా, ఇయ్యాల్నేనా?"

"ఇయ్యాల్నే."

"అవ్" అంది. చీర ముక్క ముడి విప్పి, పిల్ల చేతులు తొట్టి నీళ్ళతో కడిగి, చంకనేసుకుని నడిచింది. అరగంటకు ఒక్కతే తిరిగొచ్చి పార అందుకుంది.

"హారిక ఏది?" అన్నాడు మార్కు.

"ఇంట్ల ఉంది."

ఇంట్లో ఎవరో ఉన్నారు కాబోలు అనుకుని మార్కు మళ్ళీ మంచె ఎక్కాడు.

మంగళవారం ఎండ ముదిరింది. పదకొండు దాటాక సోని మాలు తట్ట అందించడానికి చేతులు పైకెత్తినప్పుడు, ఆమె జాకెట్టు ముందు రెండు చోట్ల తడిసి కనిపించింది. గోడలకు నీళ్ళు కొట్టే ముసలామె పూలి దగ్గరలోనే పైపు పట్టుకుని ఉంది, ఆ నీళ్ళే చిందాయేమో అనుకున్నాడు మార్కు. కానీ తడి రెండు చోట్లే ఉంది, చుట్టూ పొడిగా ఉంది. అతను తట్ట అందుకుని గోడ వైపు తిరిగాడు. కాసేపటికి సోని సిమెంటు బస్తాల చాటుకు పోయింది. పూలి పైపు కింద పడేసి ఆమె వెనకే పోయింది. తిరిగొచ్చేటప్పటికి సోని పైట బిగించి కట్టుకుని ఉంది. ఆ పూట మార్కు మూడుసార్లు మాలు పలచగా ఉందని కసిరాడు. మాలు బాగానే ఉంది.

బుధవారం తెల్ల సిమెంటు కోసం అతను అశ్వారావుపేట బయలుదేరాడు. దారి తండా మధ్య నుంచే. మిరప కోతల కాలం కావడంతో తండా మొత్తం ఖాళీగా ఉంది. నడవగలిగిన ప్రతి మనిషీ చేన్లలోనే. ఒక ఇంటి ముందు కోళ్ళు, ఇంకో ఇంటి ముందు ఎండలో ఆరేసిన బొంత. నాలుగో ఇంటి దగ్గర ఏడుపు వినిపించి బండి ఆపాడు.

తలుపుకు తాళం వేసి ఉంది. లోపలి ఏడుపు కొత్తగా మొదలైంది కాదు, చాలాసేపటి నుంచి ఏడ్చి గొంతు పోయాక వచ్చే ఏడుపు. తలుపు కింద నాలుగు వేళ్ళ సందు ఉంది. మార్కు నేల మీదికి వంగి చూశాడు. ఒలికిన నీళ్ళ గ్లాసు, చీమలు పట్టిన అన్నం గిన్నె, రెండు చిన్న కాళ్ళు. సందులో నీడ పడగానే ఏడుపు ఆగింది. కాళ్ళు దగ్గరికొచ్చాయి. పిల్ల బోర్లా పడుకుని, చెంప నేలకానించి, సందులోంచి అతన్ని చూసింది.

"యాడీ?" అంది. అమ్మ వచ్చిందా అని.

"వస్తది" అన్నాడు మార్కు.

పిల్ల చెయ్యి సందులోంచి బయటికొచ్చింది. అతను ఒక వేలిచ్చాడు. సిమెంటు తిని పగుళ్ళు పట్టిన వేలు. పిల్ల దాన్ని గట్టిగా పట్టుకుంది. అట్లా మోకాళ్ళ మీద ఎంతసేపు ఉన్నాడో అతనికి తెలియలేదు. ఆ వేలిని వెనక్కి తీసుకోవడానికే ఎక్కువ సేపు పట్టింది. బండి స్టార్టు చేస్తుంటే ఏడుపు మళ్ళీ అందుకుంది.

తెల్ల సిమెంటు తేకుండానే తిరిగొచ్చాడు. సోని ఇటుకలు తడుపుతోంది.

"ఇంట్ల ఉందన్నవ్."

"ఇంట్లనే ఉంది గద."

"తాళమేసి?"

"ఎయ్యకపోతే రోడ్డు మీదికొస్తది. పామాయిల్ ట్రాక్టర్లు ఎట్ల ఉరుకుతయో నీకు తెల్వదా?" ఆమె గొంతులో కోపం లేదు. "అత్త మిరపకు పోయింది. మా ఆయన వీరన్న, పామాయిల్ తోటలకాన్నే ఉంటుండు, ఆదివారమే ఇంటికొస్తడు. ఎవరికాడ ఇడువాలె?"

"నాకు చెప్పలేదే."

"చెప్తే ఏంజేస్తవ్?"

"ఇయ్యాల్టికి ఇంటికి పో. రోజు కూలి రాసుకుంట" అన్నాడు మార్కు.

"రేపు గూడ పంపిస్తవా?"

సోని ఇంకో ఇటుక నీళ్ళలో ముంచింది. బుడగలు తేలి, ఆగిపోయాక తీసి పక్కన పెట్టింది.

మార్కు భవనం చుట్టూ తిరిగి వెనక గదిలోకి పోయాడు. గోడలకు మాలు అయింది, నేల ఇంకా కంకర మీదే ఉంది, తలుపు చెక్కలు ఒక మూల ఆనించి ఉన్నాయి. అటు తూర్పు గోడకు, నేల నుంచి అడుగున్నర ఎత్తులోనే పెద్ద కిటికీ. ఇంత కిందికి కిటికీ పెట్టడం అతని ఇరవై ఆరేళ్ళ పనిలో ఇదే మొదటిసారి. కూర్చున్న పిల్లలకు బయటి చెట్లు కనపడాలని డ్రాయింగులో అట్లా వేశారు. అతను గది కొలిచి, వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని బయటికొచ్చి నాగరాజును పిలిచాడు. నాగరాజు అతని దగ్గర ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న రెండో మేస్త్రీ.

"వరండా బండలన్నీ వెనక గదిలకు మోయించు."

"అవి వరండాకు గద తెప్పిచ్చినం? బుధవారం వాళ్ళు..."

"వరండాల ఎవరు పండుకుంటరు? మోయించు."

గురు, శుక్రవారాలు రెండూ వెనక గదిలోనే గడిచాయి. సన్న ఇసుకలో సిమెంటు కలిపి పరిచి, బండ దించి, చెక్క సుత్తితో నాలుగు మూలలా తట్టి, చెవి పెట్టి వినడం. బోలుగా పలికితే బండ లేపి మళ్ళీ ఇసుక సర్దడం. ప్రతి బండ అంచునూ మార్కు స్వయంగా రాపిడి రాయితో రుద్దాడు, పాకే పిల్లల మోకాళ్ళు గీరుకోకుండా. నాగరాజు తలుపు ఎక్కించాడు. పని నడిచే ముందు భాగానికీ వెనక గదికీ మధ్య వెదురు తడక కట్టి, రోడ్డు నుంచి నేరుగా వెనక్కి వచ్చేటట్టు వేరే బాట వేశారు. ముందు గోడ ఇటుకల మీదే ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మార్కు పూలి పక్కన కూర్చుని సద్దన్నం విప్పాడు. "పెద్దమ్మా, నీళ్ళు కొట్టుడు పొద్దున, సాయంత్రం. నడిమిట్ల ఏంజేస్తవ్?"

"గోడ నీడకు కూసుంట. ఎందుకు, కండ్లు మండినయా?"

"ఆ కూసునేది గదిల కూసో. పిల్లలను చూసుకుంట. పనోళ్ళ పిల్లలు ఎందరుంటే అందరిని."

పూలి నములుతూ ఆలోచించింది. "ఐదుగురు. ముగ్గురు తాళాల ఎనక ఉన్నరు, ఇద్దరు చేను గట్ల మీద. గియ్యన్ని నీకు ఇప్పుడు తెల్సినయా కొడకా?"

సాయంత్రం ప్రభు వచ్చాడు. ముందు గోడను చూసి బండి స్టాండు కూడా సరిగా వెయ్యలేదు.

"అన్నా, సున్నం లేదు, వరండాకు బండల్లేవు, పేరు రాయి పెట్టే గోడ ఎట్లుంది అట్లనే ఉంది! వాళ్ళు ముందు నుంచి వస్తరా, ఎనక నుంచి వస్తరా?"

"లోపలికి రా" అని మార్కు వెనక గదికి తీసుకుపోయాడు. విషయం మూడు ముక్కల్లో చెప్పాడు. తాళం సంగతి చెప్తున్నప్పుడు ప్రభు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నాకు మాత్రం పిల్లల్లేరా అన్నా? కానీ పని నడుస్తున్న చోట పిల్లలుండొద్దు. అదే రూలు."

"ఈ గదిల పని నడుస్తలేదు. అయిపోయింది. నీ కాగితాల్ల గదికొక అప్పగింత పత్రం ఉంటది గదా? ఈ గదిది తియ్యి. నేను సంతకం పెడ్తా, నువ్వు తీసుకో. ఆ తర్వాత ఇది పనిచోటు కాదు, పిల్లల గది. మధ్యన తడక ఉంది, దారి వేరే ఉంది, పూలి పెద్దమ్మ ఉంది."

ప్రభు బండల మీద చతికిలబడ్డాడు. "గిట్లాంటివే ఇంకో రెండు కేంద్రాలు కట్టే పని నీకే ఇప్పిద్దామని ఆఫీసుల మాట్లాడి పెట్టిన. ముందుభాగం గిట్లుంటే నా మాట చెల్లదు."

మార్కు తాపీ తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. ఆ రెండు కేంద్రాల మీద ఆశతోనే కొత్త కాంక్రీటు మిషను కొంటానని మాట ఇచ్చి ఉన్నాడు. "పత్రం తియ్యి తమ్ముడూ" అన్నాడు.

పత్రం అడుగున తెలుగులో ఒక వాక్యం ఉంది. గదిలో పిల్లలకు ప్రమాదం కలిగించేది ఏదీ లేదని స్వయంగా పరిశీలించి నిర్ధారించుకున్నాను. మార్కు దాన్ని చదివాడు. తను కట్టిన గది. తలెత్తి చూడకుండానే సంతకం పెట్టాడు.

శనివారం పొద్దున సోనిని పిలిచాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగి, కాళ్ళకు అంటిన మాలు కడుక్కొచ్చి లోపల అడుగు పెట్టింది. బండల గురించి ఏమైనా అంటుందేమోనని మార్కు చూశాడు. ఆమె బండల్ని చూడలేదు. గది మధ్యకు పోయి గొంతుక్కూర్చుంది. తర్వాత రెండు చేతులూ నేలకానించి, పాకే పిల్లలాగా తల ఎత్తి నాలుగు వైపులా చూసింది. లేచి కిటికీ దగ్గరికి పోయింది.

"గిదేంది ఇంత కిందికి పెట్టిండ్రు?"

"పిల్లలు బయటికి చూడాలని. డ్రాయింగుల అట్లనే ఉంది."

"చూస్తరు. చూసి ఎక్కుతరు. ఎక్కి ఏడ వడ్తరు?" ఆమె కిటికీ రెక్క తోసి బయటికి వంగింది.

కిటికీకి మూడడుగుల అవతల సెప్టిక్ ట్యాంకు గుంత. తొమ్మిదడుగుల లోతు. సగం మీద చెక్కలు కప్పి ఉన్నాయి, మిగతా సగం తెరుచుకుని ఉంది. గోడలకు కొట్టిన నీళ్ళు దిగి అడుగున మోకాటి లోతున నిలిచాయి. గుంత తవ్వించింది మార్కే. కిటికీ ఎత్తు టేపుతో మూడుసార్లు కొలిచిందీ అతనే.

"హారికైతే నేను పళ్ళెం కింద పెట్టేలోపల ఎక్కుతది" అంది సోని.

మార్కు కిటికీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నిలబడితే టేకు చెట్లు, వాటి మీద ఆకాశం కనపడేవి. కూర్చుంటే గుంత నోరు మొత్తం కనపడింది.

"నిన్న సంతకం పెట్టిన" అన్నాడు.

"సదువుకునే పెట్టినవా?"

"చదువుకునే."

సోని "మల్లొకసారి చూద్దాం పా" అని తనే ముందు నడిచింది. తలుపు గొళ్ళెం లోపలి వైపు పిల్ల చేతికి అందేటట్టు ఉంది, లోపల వేసుకుంటే బయటి నుంచి తియ్యలేరంది. స్విచ్చు పెట్టె మూత లేకుండా వైర్ల కొనలు బయటికున్నాయి. తలుపు బందు వైపు సందులో వేలు పెట్టి, రెక్క మెల్లగా మూసి, ఎక్కడ నలుగుతుందో చూపించింది. మార్కు చెవి మీది పెన్సిలు తీసి, ఆమె వేలు ఆనిన ప్రతి చోటా గోడ మీద గుర్తు పెట్టుకుంటూ వెనక నడిచాడు.

ఆ రోజు ముందు గదుల్లో ఎవరూ పని చెయ్యలేదు. నాగరాజు ఇనుప కడ్డీలు కోస్తే, మార్కు కిటికీ చట్రానికి పైనా కిందా రంధ్రాలు వేసి, పసిపిల్ల తల దూరనంత దగ్గరగా కడ్డీలు దించి సిమెంటు కూరాడు. ఎంత దగ్గరగా అన్నది సోని పిడికిలి అడ్డం పెట్టి చెప్పింది. గుంత మీద మిగిలిన సగానికి చెక్కలు పరిచి మేకులు కొట్టారు. గొళ్ళెం పైకి ఎక్కింది, స్విచ్చు పెట్టెకు మూత పడింది, బందు సందుకు రబ్బరు పట్టీ కొట్టారు. పని ముగిశాక మార్కు ప్రభుకు ఫోను చేశాడు.

"నిన్నటి పత్రం చింపెయ్ తమ్ముడూ. తప్పు సంతకం పెట్టిన. కొత్తది తీసుకురా."

"ఇంకా ఆఫీసుకు పంపలేదులే" అన్నాడు ప్రభు.

ఆదివారం చర్చి అయ్యాక కొత్త పత్రం వచ్చింది. ఈసారి మార్కు గదంతా తిరిగి, మోకాళ్ళ మీద కూడా తిరిగి, అప్పుడు సంతకం పెట్టాడు. తన పేరు కింద రసమట్టం పట్టీ ఆనించి ఇంకో గీత గీశాడు. ఆ పత్రంలో అట్లాంటి గీత ఉండదు. సాయంత్రం తండాకు పోయి దాన్ని సోని ముందు పెట్టాడు. వీరన్న మంచం మీద నుంచి లేచి వచ్చి ఏందది అని చూశాడు. సోని రెండక్షరాలు రాయడానికి చాలా సేపు తీసుకుంది. ప్రభు తర్వాత దాన్ని చూశాడు గానీ కొట్టెయ్యలేదు.

సోమవారం ఐదుగురు పిల్లలు వచ్చారు. హారిక గంటసేపు ఏడ్చింది. పూలి ఎత్తుకోలేదు, పక్కనే కూర్చుని మిగతా నలుగురికి మరమరాలు పంచింది. నలుగురూ తింటుంటే చూసి హారిక చెయ్యి చాపింది. తడక ఇవతల ఆ గంటసేపూ సోని ఒక్క తట్ట కూడా ఒలకబొయ్యకుండా మోసింది. ఏడుపు ఆగాక మాత్రం తట్ట దించి, కాసేపు ఊరికే నిలబడింది.

బుధవారం రెండు కార్లు వచ్చాయి. మిగిలిన రెండు రోజుల్లో ముందు గదుల లోపలి సున్నం మాత్రమే అయింది, ముందు గోడకు మాలు లేదు, పేరు రాయి గోడకు ఆనించి ఉంది. తెల్లజుట్టు పొడుగాటామె, ఇద్దరు మగవాళ్ళు దిగారు. ప్రభు చెమటలు తుడుచుకుంటూ గదులు చూపించాడు. వెనక గదిలో వాళ్ళు అనుకున్నదానికన్నా ఎక్కువసేపే ఉన్నారు. బయటికొచ్చి కొబ్బరిబోండాలు తాగారు, పుస్తకాల్లో ఏవో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో మార్కుకు ఎవరూ చెప్పలేదు. అతను అడగలేదు.

కార్లు వెళ్ళిపోయే ముందు ప్రభు అతన్ని పక్కకు పిలిచాడు. "ఆఫీసుల నిన్ననే తేల్చిండ్రన్నా. ఆ రెండు కేంద్రాలు సత్తుపల్లి కాంట్రాక్టరుకు. టైముకు కాలేదని రాసిండ్రు. నేను చెప్పి చూసిన."

"కిటికీలకు కడ్డీలు పెట్టమని ఆయనకు చెప్పు" అన్నాడు మార్కు.

"చెప్తా."

"మర్చిపోకు. డ్రాయింగుల ఉండవు."

ప్రభు తల ఊపి బండెక్కాడు. దుమ్ము అణిగేదాకా మార్కు రోడ్డు వైపు చూసి, వెనక్కి తిరిగాడు. ముందు గోడ పూర్తి చెయ్యాలి. పేరు రాయి కూర్చోవడానికి గోడలో రెండంగుళాల లోతు తొలవాలి. సోని తట్ట నిండా మాలు కలిపి తెచ్చి పక్కన పెట్టింది. అతను ఉలి ఆనించి, సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేశాడు. గోడ మోగింది.

"మేస్త్రీ, ఆగు" అంది సోని.

"ఏంది?"

"ఇప్పుడే పండుకున్నరు."

"ఎంతసేపు పండుకుంటరు?"

"లేచేదాంక."

మార్కు చేతిలోని ఉలి వైపు చూశాడు. పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. ఇంత వెలుతురు ఉండగా పని ఆపమని అతనికి చెప్పిన కూలి మనిషి ఇంతవరకు లేదు. ఉలిని ఇసుక మీద పెట్టాడు, చప్పుడు కాకుండా. సుత్తిని దాని పక్కన పెట్టాడు. గోడ నీడన కూర్చున్నాడు. కొంచెం ఎడంగా సోని కూడా కూర్చుని కాళ్ళు చాపుకుంది.

అవతల ఎవరో పిల్ల నిద్రలో దగ్గింది. ఇద్దరూ తల తిప్పి విన్నారు. మళ్ళీ దగ్గు రాలేదు. తట్టలో మాలు అంచుల నుంచి మెల్లగా గట్టిపడుతోంది. అది ఇంక పనికి రాదని ఇద్దరికీ తెలుసు. ఎవరూ లేవలేదు.